కాళ్ళకు నీళ్ళు

కెజియా రోజూ మణికొండలో షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడ మూల మీద దిగుతుంది. అక్కడి నుంచి సైటు దాకా నడకే. దారిలో ఇడ్లీ బండి, మెడలో కార్డులు వేలాడేసుకుని గుంపుగా రోడ్డు దాటే సాఫ్ట్‌వేర్ పిల్లలు. పొద్దున పూట ఎండ ఒక అద్దాల మేడ మీద పడి ఇంకో మేడ మీదికి దూకుతుంటుంది, కళ్ళు చిట్లించుకుని నడవాలి. ఏలూరు నుంచి వచ్చిన కొత్తలో కెజియా ఆ మేడల్ని తలెత్తి చూసేది. ఇప్పుడు చూడదు. ఆమె పనంతా నేల కిందే.

మెత్తటి నేలను గట్టిపరిచే కంపెనీలో ఆమె సైటు ఇంజనీరు. ఆ వానాకాలం వాళ్ళకు దొరికింది ఒక పాత కుంట. కట్టబోయే టవరు రాతి మీదే వస్తోంది, దానితో తంటా లేదు. టవరుకు వెళ్ళే రోడ్డూ, బండ్లు నిలిపే జాగా మాత్రం కుంట మీద పడ్డాయి. నీళ్ళు ఎప్పుడో ఎండిపోయాయి గానీ మట్టి ఉంది. నల్లటి బంకమట్టి. అడుగేస్తే చీలమండ దాకా దిగబడుతుంది, కాలు లాగితే చప్పరించినట్టు శబ్దం చేస్తుంది. దాని మీద ఏం వేసినా ఏడాదిలో కుంగిపోతుంది.

అందుకని ఇసుక పైళ్ళు వేస్తారు. క్రేను లాంటి పెద్ద రిగ్గుకు నిలువుగా ఒక ఇనుప గొట్టం వేలాడుతుంటుంది. మోటారు ఆ గొట్టాన్ని గడగడా వణికిస్తూ మట్టిలోకి దించుతుంది. అడుగున రాయి తగిలాక పైనుంచి గొట్టంలోకి ఇసుక పోస్తారు. గొట్టాన్ని కాస్త లేపి, మళ్ళీ దించి, మళ్ళీ లేపి, ఇసుకను కుక్కుకుంటూ పైకి తెస్తారు. గొట్టం బయటికొచ్చేసరికి మట్టిలో ఇసుక స్తంభం నిలబడి ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టి బిగుస్తుంది, అందులోని నీరు ఇసుక గుండా పైకి ఊరి పోతుంది. అలాంటివి కుంట నిండా వందల కొద్దీ వేయాలి.

"మట్టిని బట్టలా పిండటమేనమ్మా నా ఉద్యోగం," అని కెజియా తల్లితో నవ్వుతూ చెప్పేది. తల్లి ఎస్తేరు మణికొండలోనే ఒక స్కూల్లో తెలుగు చెబుతుంది. నాలుగో అంతస్తు ఫ్లాటులో తల్లీకూతుళ్ళిద్దరే ఉంటారు.

సైటులో రిగ్గు నడిపేది బాలనర్సయ్య, నారాయణపేట వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. గొట్టం దగ్గర నిలబడి ఇసుక పోయించేది స్వామి. అతని భార్య కొమురమ్మ చిందిన ఇసుకను పారతో ఎత్తి కుప్ప చేస్తుంది. మొగుడూ పెళ్ళాలు జనగామ నుంచి వచ్చి, చిన్న కూతురితో సైటు వెనక రేకుల గదిలో ఉంటున్నారు. నలుగురికీ పని కుదిరింది. మాటలు తక్కువ, చికాకులు అంతకన్నా తక్కువ.

కుంట నడిమికి చేరేదాకా అంతా మామూలుగానే నడిచింది.

మొదట వచ్చింది వాసన. గొట్టం తీసేశాక ఇసుక స్తంభం తల నేల మీద తడి చక్రంలా కనబడుతుంది, అందులోంచి నీరు ఊరుతుంది. కుంట నీరు గనక కుళ్ళు కంపు కొట్టాలి. ఆ రోజు ఊరిన నీరు కంపు కొట్టలేదు. గంజి వాసన వేసింది. కెజియా వంగి చూసింది. నీరు తెల్లగా, పలచగా ఉంది. వేలు ముంచింది. గోరువెచ్చగా తగిలింది.

"ఇక్కడెవరైనా అన్నం వార్చారా?" అని అడిగింది.

"ఇక్కడెవరు వారుస్తరు మేడం?" అంది కొమురమ్మ పార ఆపి. "నాకూ వస్తున్నది వాసన. మా అమ్మ వండినట్టే ఉన్నది."

స్వామి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బాలనర్సయ్య రిగ్గు దిగి వచ్చాడు. నలుగురూ ఆ తడి చక్రం చుట్టూ చేరారు. అప్పుడే తిని వచ్చారు. అయినా నలుగురికీ కడుపులో ఆకలి కదిలింది.

మర్నాడు మధ్యాహ్నానికే మబ్బు కమ్మింది. అద్దాల మేడల్లో దీపాలు వెలిగాయి. కుంట మాత్రం చీకటి గుంటలా పడి ఉంది. కొత్త పైలు మొదలుపెట్టారు. గొట్టం సగం దాకా రోజూలాగే మొరాయిస్తూ దిగింది. ఆ తర్వాత ఒక్కసారిగా జారిపోయింది. రిగ్గు ముందుకు తూగింది. బాలనర్సయ్య మోటారు ఆపి తల బయటపెట్టాడు.

"కింద ఖాళీ ఉన్నది మేడం. ఇంటి కప్పు పొడిచినట్టయింది."

ఇసుక పోశారు. మామూలు పైలుకు పట్టే దానికి రెండింతలు పోసినా గొట్టం నిండలేదు. మూడింతలు పోసినా నిండలేదు. కెజియా చెయ్యెత్తి అందర్నీ ఆగమని చెప్పి, గొట్టానికి చెవి ఆనించింది.

చల్లటి ఇనుము. లోపల ఇసుక రాలుతున్న సన్నటి చప్పుడు. దాని అడుగున ఇంకో చప్పుడు...

ఎవరో ఊడుస్తున్నారు.

ఈనెల చీపురుతో, తీరిగ్గా. ఒక వారగా ఊడ్చి, ఆగి, మళ్ళీ ఊడుస్తున్నారు. పైనుంచి తమ ఇంట్లో రాలుతున్న ఇసుకను ఎవరో కోపం తెచ్చుకోకుండా ఎత్తి పోసుకుంటున్నట్టు.

ఆమె వెనక్కి జరిగి, స్వామిని వినమంది. స్వామి విన్నాడు. తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

కెజియా మాదాపూర్ ఆఫీసుకు ఫోను చేసింది. ప్రాజెక్టు మేనేజరు సోమేశ్వరరావు ఎత్తాడు. చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు.

"పాత బావి అయ్యుంటుందమ్మా. కుంటల్లో ఉంటాయిగా. నిండేదాకా పోసేయండి."

"లోపల ఏదో చప్పుడు వస్తోంది సార్."

"ఇసుక జారితే చప్పుడు రాదా? ఇవాళ ఆ వరస అయిపోవాలండీ కెజియా గారూ. రేపు క్లయింటు వస్తున్నారు."

పోశారు. లారీ ఇసుక అయిపోయింది, ఇంకో లారీ వచ్చింది. ఎట్టకేలకు గొట్టం నిండింది. కెజియా మళ్ళీ చెవి పెట్టింది. చీపురు చప్పుడు లేదు. అది ఆగిపోయినందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

గొట్టం పైకి తీస్తుండగా చినుకులు మొదలయ్యాయి. గొట్టం అంచుకు అంటిన మట్టి గీకడానికి స్వామి ఎప్పటిలాగే దగ్గరికి వెళ్ళాడు. అతను రెండు అడుగులు వేసేసరికి నేల అతని కింద పెరుగులా విడిపోయింది.

కేక కూడా వేయలేదు. ఒక్క ఊపులో నడుము దాకా దిగిపోయాడు.

బాలనర్సయ్య పరుగున చెక్కలు తెచ్చి పరిచాడు. కెజియా చెక్క మీద బోర్లా పడుకుని స్వామి చంకల కింద నుంచి తాడు వేసింది. కొమురమ్మ తాడు రెండో కొస పట్టుకుంది. ముగ్గురూ లాగారు. ఒక్క వేలు మందం కూడా కదల్లేదు. రిగ్గుతో లాగితే మనిషి నడుము దగ్గర తెగిపోతాడు, ఆ సంగతి కెజియాకు తెలుసు. ఫైర్ స్టేషనుకు ఫోను చేసింది. ట్రాఫిక్‌లో ఉన్నాం, వస్తున్నాం అన్నారు. గోడ అవతల ఆఫీసులు వదిలారు. హారన్ల మోత. ఎవరో ఆడపిల్లలు నవ్వుకుంటూ వెళ్తున్నారు. పిలిస్తే పలికే దూరంలో వేల మంది మనుషులున్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా చేయగలిగింది ఏమీ లేదు.

"కదలకు స్వామీ. కదిలితే ఇంకా దిగుతావు."

"కదుల్తలేను మేడం." అతని గొంతు నిమ్మళంగానే ఉంది. "కాళ్ళ కింద నేల తగిలింది. అలికిన నేల లెక్క నున్నగున్నది."

"మంచిది. దాని మీద నిలబడు. వాళ్ళు వచ్చేస్తున్నారు."

వాన పెరిగింది. మట్టి అతని ఛాతీ దాకా వచ్చింది. నేల మీద నిలబడ్డానన్న మనిషి ఎలా దిగుతున్నాడో కెజియాకు అర్థం కాలేదు.

కాసేపటికి స్వామి కళ్ళు పెద్దవయ్యాయి.

"మేడం..."

"చెప్పు."

"నా బూట్లు... ఎవరో తీస్తున్నరు."

కెజియా తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

"ఒకటి తీసిన్రు... రెండోది జర బిగువున్నది... ఆఁ. తీసిన్రు."

"ఏం మాటలయ్యా అవి," అంది కొమురమ్మ మెల్లగా. "ఊకో. దేవుణ్ణి తలుచుకో."

"గట్టిగ పట్టుకుంటలేరే. మెల్లగనే పట్టుకున్నరు." స్వామి మాట గుసగుసలోకి దిగింది. "వేన్నీళ్ళు... కాళ్ళ మీద పోస్తున్నరు. కాళ్ళు కడుగుతున్నరు."

కెజియాకు ఏలూరు చర్చి గుర్తొచ్చింది. గుడ్ ఫ్రైడే ముందటి గురువారం నాడు పాస్టరుగారు వంగి పెద్దవాళ్ళ కాళ్ళు కడిగేవారు. పళ్ళెంలో నీటి చప్పుడు కోసం పిల్లలంతా ఊపిరి బిగబట్టేవాళ్ళు. ప్రార్థన చేద్దామని నోరు తెరిచింది. వాన నీళ్ళు నోట్లోకి కొట్టాయి.

మట్టి అతని భుజాలు దాటింది. గడ్డం కింద ఆగింది. స్వామి తల ఒక పక్కకు వంచాడు. పక్క గదిలోంచి ఎవరో పిలిస్తే విన్నట్టు వంచాడు.

"ఆఁ," అన్నాడు. "ఆఁ... అవును."

"ఎవరితో మాట్లాడుతున్నావు? స్వామీ, నన్ను చూడు. నాతో మాట్లాడు."

అతను ఆమెను చూడలేదు. పెదవులు కదులుతున్నాయి. ఏదో చెబుతున్నాడు, వరసగా, ఆలోచించి ఆలోచించి. అదే సమయానికి ఫైరింజన్ సైరన్ గేటు దగ్గర మోగడంతో ఆ మాటలు ఆమెకు వినబడలేదు.

ఫైరు వాళ్ళు పని తెలిసినవాళ్ళు. సన్నటి పైపులు అతని పక్కనుంచి మట్టిలోకి దించి నీళ్ళు కొట్టారు. మట్టి పట్టు సడలింది. పొద్దు గూకేవేళకు అంగుళం అంగుళంగా స్వామి బయటికొచ్చాడు. బతికే ఉన్నాడు. కొమురమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. బాలనర్సయ్య మట్టిలోనే చతికిలబడ్డాడు.

ఒక ఫైరు మనిషి టార్చి వేసి స్వామి కాళ్ళ వైపు చూశాడు. అతని వెనకే కెజియా చూసింది.

మెడ నుంచి చీలమండల దాకా మనిషి నల్లటి ముద్ద. చీలమండల కింద మాత్రం పాదాలు శుభ్రంగా ఉన్నాయి. గోళ్ళ సందుల్లో కూడా మట్టి లేదు. వేన్నీళ్ళలో చాలాసేపు నానినట్టు చర్మం ముడతలు పడింది. పాదాల అంచుల వెంట సన్నగా, వంకర లేకుండా, ఎర్రటి గీత.

"రక్తమా?" అని ఫైరు మనిషి వేలితో తుడిచాడు. రాలేదు.

పెళ్ళిలో పెట్టే పారాణి అది.

అంబులెన్సులో కెజియా కూడా ఎక్కింది. స్వామి కళ్ళు మూసుకునే ఉన్నాడు. గచ్చిబౌలి దాటుతుండగా తెరిచాడు.

"మేడం. మంచోళ్ళే. అన్నం పెడతమన్నరు. గని ముందు అడిగిన్రు."

"ఏం అడిగారు?"

"నీ వెనక ఎవరెవరు వస్తున్నరు, ఎంతమందికి వండాలె అని."

"నువ్వేం చెప్పావు?"

"కాళ్ళు కడిగినోళ్ళు అడుగుతుంటే ఎట్ల చెప్పకుండ ఉంటం?" అన్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున సైటుకు వెళ్తే, వాన వెలిసి నేల తేటగా ఉంది. ఆ పైలు తల మీద, తడి ఇసుక చక్రం మధ్యలో, స్వామి బూట్లు ఉన్నాయి. కడిగి ఉన్నాయి. గడప బయట విప్పిపెట్టినట్టు జంటగా, ముందు భాగం బయటి వైపుకు తిప్పి ఉన్నాయి. రాత్రంతా గేటు తాళం వేసే ఉందని వాచ్‌మన్ చెప్పాడు.

స్వామి ఆ వారం దాటలేదు. అంతసేపు మట్టి నొక్కేస్తే కండలు చితికి కిడ్నీలు ఆగిపోతాయని డాక్టరు వివరంగా చెప్పాడు. అది నిజమేనని కెజియా నెట్‌లో చదివింది కూడా. నిజమే కావచ్చు. ఆఖరి రోజు వరకు అతను దవాఖానలో ఒక్క మెతుకు ముట్టలేదు. పెట్టబోతే, ఆకలి ఉంచుకోవాలె అన్నాడట.

సోమేశ్వరరావు స్వయంగా సైటుకు వచ్చాడు. కొమురమ్మకు రావాల్సింది ఇప్పించాడు, నిజంగానే బాధపడ్డాడు. పని ఆపేద్దామని కెజియా అంటే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఏమని ఆపమంటారండీ? పైవాళ్ళకు ఏం చెప్పను? మనిషి కాళ్ళు ఎవరో కడిగారని చెప్పనా?"

ఆ పైలు తల మీద కాంక్రీటు పోసి మూసేశారు. ఇంకో రిగ్గు, వేరే మనుషులు వచ్చారు. మిగతా వరసలు నడిచాయి. ఏ పైలూ ఎక్కువ ఇసుక తాగలేదు. నేల గట్టిపడుతోందని పరీక్షల్లో తేలింది.

బాలనర్సయ్య ఆ పని చేయనని ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు, అతని కొడుకు నుంచి ఫోను వచ్చింది. తండ్రి ఎండ పూట ఇంటి ముందు అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడట. "ఎవరే, కాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నది?" అని లోపలికి కేకేశాడట. భార్య బయటికి వచ్చేసరికి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. ప్రాణం లేదు. కింద నేల పొడిగా ఉంది.

ఆ ఫోను పెట్టేసి కెజియా రేకుల గదుల వైపు నడిచింది. కొమురమ్మ ఒక్కతే గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది. కూతుర్ని జనగామలో చెల్లెలి దగ్గర వదిలి వచ్చిందట. కెజియా పక్కనే కూర్చుంది. బాలనర్సయ్య సంగతి చెప్పింది. కొమురమ్మ దువ్వెన ఆపలేదు.

"మా ఆయన వాళ్ళకు బాలనర్సయ్య పేరు చెప్పిండు మేడం. నాకు దవాఖానల అంతా చెప్పిండు, ఏడ్చుకుంట చెప్పిండు. నా పేరు గూడ చెప్పిండట. బిడ్డ పేరు నోటిదాక వచ్చి, నాలుక కరుసుకున్నడట. అందుకే దాన్ని దూరం పెట్టిన."

"మరి నువ్వు ఇక్కడే ఉన్నావేంటి? నువ్వు కూడా వెళ్ళిపో."

"ఏడికి పోవాలె మేడం?" కొమురమ్మ మొదటిసారి ఆమె వైపు తిరిగింది. "కింద భూమి లేని జాగ ఏడుంటది?"

గోడ అవతల కొత్త రిగ్గు గడగడలాడుతోంది. కెజియా ఇంకాస్త దగ్గరికి జరిగి అడిగింది.

"నా పేరు చెప్పాడా?"

"మీ పేరు మాకు తెల్వది గద," అంది కొమురమ్మ. "మేడం అనే చెప్పిండట. ఏ మేడం అని అడిగిన్రట వాళ్ళు." దువ్వెన కింద పెట్టింది. "మణికొండల ఉంటది అని చెప్పిండట. తప్పు పట్టకుండ్రి మేడం. మంచిగ అడిగిన్రట."

కెజియా ఆటో ఎక్కలేదు. మణికొండ దాకా నడిచే వెళ్ళింది. తారు మీద నడిచింది, ఫుట్‌పాత్ రాళ్ళ మీద నడిచింది, మట్టి కనిపించిన ప్రతిచోటా పక్కకు తప్పుకుంది. మణికొండలో ఎన్ని వేల ఫ్లాట్లున్నాయో, ఎంతమంది మేడమ్‌లున్నారో అనుకుంది. తనది నాలుగో అంతస్తు అనుకుంది. లిఫ్టు పైకి పోతుంటే ఆ రోజు మొదటిసారి ఊపిరి నిండా పీల్చింది.

తలుపు తీసిన ఎస్తేరు మొహం కళకళలాడుతోంది.

"ఇంత ఆలస్యమైందేంటే? ఇప్పటిదాకా ఒకావిడ నీ కోసం కూర్చుని వెళ్ళింది. మేడం గారిల్లు ఇదేనా అని అడిగింది. పెద్దావిడ, ఎంత మర్యాదగా మాట్లాడిందో."

కెజియా చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎవరు?"

"మీ సైటు దగ్గరే ఇల్లట. నిన్ను భోజనానికి పిలుస్తారట. నీకేం ఇష్టమని అడిగింది. చెప్పాను... వంకాయ కారం పెట్టి కూర, మామిడికాయ పప్పు. ఉప్పు తక్కువ వెయ్యమని కూడా చెప్పాను. తొందరేం లేదమ్మా, అన్నీ సిద్ధం చేసుకునే పిలుస్తాం అంది."

"అమ్మా... ఇంకేం అడిగింది?"

ఎస్తేరు వంటింటి వైపు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. కూతురు మొహం ఎందుకలా పాలిపోయిందో ఆవిడకు అర్థం కాలేదు.

"ఏముంది? లేచి వెళ్తూ నా పేరు అడిగింది. అంత ఆప్యాయంగా అడిగితే చెప్పకుండా ఎలా ఉంటానే?"